నడకకూ ప్రయాణానికీ తేలికైన హ్యామక్: ఏది కొనాలి?

ప్రశ్న: గుట్టల బాటసారి, హన్మకొండ

మిత్రులందరికీ నమస్కారం. సెలవు దొరికినప్పుడల్లా వీపుసంచి తగిలించుకొని పాఖాల, లక్నవరం, బొగత, పాండవుల గుట్టల వైపు నడకకు వెళ్లడం, వీలు చిక్కితే కాజీపేటలో రైలెక్కి దూరప్రాంతాలు చూసి రావడం నాకు అలవాటు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా చెట్ల నీడన నడుము వాల్చడానికీ, అనుమతి ఉన్న చోట రాత్రి పడుకోవడానికీ తేలికైన హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టి పడుకునే ఊయల) ఒకటి కొనాలనుకుంటున్నాను.

వెతికితే ప్రధానంగా మూడు రకాలు కనిపించాయి. రోడ్డు పక్కన అమ్మే నైలాన్ తాళ్ల వల ఊయల మొదటిది; దాని బరువు చూశాక ఇంటి పెరట్లోకి తప్ప పనికిరాదనిపించింది. రెండోది పారాచూట్ గుడ్డతో చేశామని చెప్పే, పిడికెడు సంచిలో ఇమిడిపోయే ఒంటి మనిషి హ్యామక్. బరువు 250 గ్రాములని రాసి ఉంది. మూడోది దోమతెర కలిపి కుట్టిన, ఇద్దరికి సరిపోతుందని చెప్పే పెద్దది, 700 గ్రాములు. ఒకటి 200 కిలోలు మోస్తుందట, ఇంకొకటి 300 కిలోలు మోస్తుందట. నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 78 కిలోలు. ఒక్కడినే పడుకుంటాను కనుక ఒంటి మనిషిదే చాలని నా ఆలోచన. వాడుతున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1: చెట్టునీడ, కాజీపేట

నమస్కారం అండి. మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే తక్కువ పట్టించుకోవలసింది ఆ 200, 300 కిలోల అంకె. 78 కిలోల మనిషికి గుడ్డ ఎలాగూ ఆగుతుంది. కొలతలు మాత్రం తప్పకుండా చూడాలి, ముఖ్యంగా పొడవు. 2.7 మీటర్ల లోపు పొడవున్న హ్యామక్‌లో మీ ఎత్తున్నవారు పడుకుంటే నడుము కిందికి దిగి, కాళ్లూ తలా పైకి లేచి, గంట గడిచేసరికి మోకాళ్లు వెనక్కి వంగినట్టు నొప్పి పుడుతుంది. మీకు 3 మీటర్లకు పైన, వీలైతే 3.3 మీటర్ల పొడవు ఉండాలి.

వెడల్పు సంగతి కూడా ఇలాంటిదే. ‘ఇద్దరికి’ అని రాసిన హ్యామక్ నిజానికి ఒక్కరు సుఖంగా పడుకోవడానికి పనికొచ్చేది. నిలువుగా పడుకుంటే ఒళ్లు విల్లులా వంగిపోతుంది. తలను మధ్యగీతకు ఒక పక్కకు, కాళ్లను రెండో పక్కకు జరిపి ఏటవాలుగా పడుకుంటే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది, వీపు దాదాపు తిన్నగా ఉంటుంది. అలా జరగడానికి చోటు కావాలి కనుక 1.5 మీటర్లకు తగ్గని వెడల్పు చూసుకోండి. ఇద్దరు కలిసి పడుకుంటే మాత్రం ఇద్దరూ నడుమకు జారి ఒకరి మీద ఒకరు పడతారు. కొత్త దంపతులు కూడా అర్ధరాత్రికి విసుక్కుంటారు.

ఇక పెట్టె మీద రాసే బరువు చాలాసార్లు గుడ్డ ఒక్కదానిదే. చెట్టుకు చుట్టే పట్టీలు, ఇనుప కొక్కేలు తూకం వేస్తే అవి గుడ్డను మించిపోవచ్చు. కొనేటప్పుడు “పట్టీలూ కొక్కేలతో కలిపి ఎంత?” అని అడగండి. ఉక్కు కొక్కేల స్థానంలో భారం మోయడానికే చేసిన చిన్న అల్యూమినియం కారబినర్లు పెట్టుకుంటే ఒక్కొక్కటి పాతిక ముప్పై గ్రాములలో తేలిపోతుంది. తాళంచెవుల గుత్తికి వేసుకునే రంగురంగుల కొక్కేలను దీనికి వాడకండి. పట్టీలు కనీసం ఒక అంగుళం వెడల్పుతో, పాలిస్టర్‌వై ఉండాలి. నైలాన్ పట్టీ బరువుకు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, తెల్లవారేసరికి మీ వీపు నేలను తాకుతుంది. సన్నని తాడు కడితే చెట్టు బెరడు తెగుతుంది.

కట్టే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే మంచి హ్యామక్ కొని బిగుతుగా లాగి కట్టినవారే ఎక్కువగా పడిపోతుంటారు. పట్టీ నేలకు సమాంతరంగా ఉన్న గీత నుంచి 30 డిగ్రీల కోణంలో పైకి వెళ్తే, మీ 78 కిలోల బరువుకు ఒక్కో పట్టీ మీద పడే లాగుడు దాదాపు 78 కిలోలే. అదే 15 డిగ్రీలకు బిగిస్తే సుమారు 150 కిలోలు, 10 డిగ్రీలకు బిగిస్తే దాదాపు 225 కిలోలు పడుతుంది. కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. చూపుడు వేలును అడ్డంగా, బొటనవేలును నిలువుగా చాచి, ఆ రెండు వేళ్ల కొనలను కలిపే గీత పట్టీ వాలుతో సరిపోయేలా చూసుకుంటే చాలు. చెట్ల మధ్య దూరం 4 నుంచి 5 మీటర్లు ఉంటే పట్టీ దాదాపు మీ కళ్ల ఎత్తున పడుతుంది, కూర్చునే చోటు కుర్చీ ఎత్తుకు వస్తుంది. అంతకంటే పైకి కట్టకండి, లోయల మీదా నీళ్ల మీదా కట్టి ఫొటోలు దిగకండి.

జవాబు 2: ఇప్పపూలు, ములుగు

పై జవాబు కొలతల విషయంలో సరైనదే. అయితే మీరు వెళ్లే చోట్ల గురించి కొన్ని మాటలు చెప్పవలసి ఉంది. పాఖాల, ఏటూరునాగారం, కవ్వాల్ ప్రాంతాలు అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి వెళ్లడానికే అనుమతి కావాలి, ఇక అడవి నడుమ హ్యామక్ కట్టి రాత్రి గడపడం సొంత నిర్ణయంతో చేయదగిన పని కాదు. తాడ్వాయి లాంటి చోట బస ఏర్పాట్లున్న ఆవరణలో అడిగి కట్టుకోవడం మంచిది.

చెట్టు ఎంపికలో మొదట పైకి చూడండి. ఎండిన కొమ్మ, పెద్ద తేనెపట్టు, ఆకులు కలిపి అల్లిన ఎర్రచీమల గూడు, వీటిలో ఏది కనిపించినా పక్కకు జరగండి. బూరుగుకు ముళ్లుంటాయి, కర్ర మెత్తన. మునగ ఎంత లావున్నా నమ్మరాదు. తాటిచెట్టు బలమైనదే గాని కాయలూ మట్టలూ నెత్తిన పడతాయి. నల్లమద్ది, చింత, వేప, ముదిరిన టేకు నిశ్చింతగా మోస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం ఇప్పచెట్టు దగ్గరికి పోవద్దు. రాలిన పువ్వు కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు వస్తాయి, మా ఊళ్లలో పువ్వు ఏరడానికి వెళ్లేవాళ్లు కూడా అలికిడి చేసుకుంటూనే వెళ్తారు.

టేకు ప్లాంటేషన్‌లో ఒక చిక్కుంది. సాధారణంగా మొక్కలను 2 మీటర్ల ఎడంతో నాటుతారు, పక్కపక్క చెట్ల మధ్య హ్యామక్ పట్టదు. చదరంగంలో గుర్రం నడిచినట్టు రెండు చెట్లు ముందుకు, ఒక చెట్టు పక్కకు లెక్కపెట్టి ఎంచుకుంటే నాలుగున్నర మీటర్ల దూరం వస్తుంది, నడుమ ఏ చెట్టూ అడ్డుపడదు. ఊగడానికి మాత్రం అక్కడ చోటుండదు.

దోమతెర లేకుండా మా ఏజెన్సీ వైపు రాకండి. రాత్రి దోమతో మలేరియా భయం, పగటి దోమతో డెంగీ భయం, కనుక మధ్యాహ్నపు కునుక్కి కూడా తెర కావలసిందే. పైన తెర ఉన్నా, ఒంటికి అతుక్కున్న పలుచని నైలాన్ గుండా దోమ కిందనుంచి వీపును కుడుతుందన్న సంగతి అమ్మేవారు చెప్పరు. రెండు పొరల గుడ్డ ఉన్న హ్యామక్ అయితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. లేదా పలుచని ఫోమ్ చాప లోపల వేసుకోవాలి.

జవాబు 3: సూదీదారం, వరంగల్

దోమతెర కలిపి కుట్టినది కొనవద్దని నా అభిప్రాయం. చలికాలంలో, ఇంటి డాబా మీద, రైలు ప్రయాణాల్లో ఆ తెర వట్టి బరువు. జిప్పు చెడితే మొత్తం హ్యామక్ మూలపడుతుంది. విడిగా గొట్టంలా తొడిగే తెర దొరుకుతుంది. అది కింద కూడా చుట్టి వస్తుంది కనుక, గుడ్డకు తగలకుండా వదులుగా వేలాడదీస్తే పైమిత్రులు చెప్పిన వీపు సమస్యా తీరుతుంది.

కుట్టుమిషన్ చేతనైతే హ్యామక్ కొననే అక్కర్లేదు. చదరపు మీటరుకు 65 గ్రాముల లోపు తూగే 70 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన) నైలాన్ 3.3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు తీసుకుంటే సుమారు 320 గ్రాములు అవుతుంది. పొడవు అంచులను సన్నగా మడిచి కుట్టి, రెండు కొసల్లో తాడు దూరేటంత గొట్టంలా మడిచి, పాలిస్టర్ దారంతో మూడు వరసల కుట్టు వేయాలి. నూలు దారం వద్దు, తడికి చివుకుతుంది. మొదటిసారి నేలకు జానెడు ఎత్తున కట్టి, కింద పరుపు వేసి, మెల్లగా కూర్చొని చూడండి. కొందరు కొత్తవాడ జంపఖానాతో చేయవచ్చు కదా అని అడుగుతుంటారు. ఇంట్లో వేసుకోవడానికి అంత చల్లని, అందమైన ఊయల మరొకటి లేదు గాని, వానకు తడిస్తే దాన్ని మోయడానికి ఇంకో మనిషి కావాలి.

నైలాన్‌ను రోజంతా ఎండలో వేలాడదీయకండి. రంగు వెలిసేలోపే బలం తగ్గుతుంది.

జవాబు 4: రాతిగుట్ట, భూపాలపల్లి

అందరూ ఏ హ్యామక్ అన్నదే చెబుతున్నారు. పాండవుల గుట్టల మీద కావలసిన దూరంలో రెండు బలమైన చెట్లు దొరకడమే కష్టం. రాతికి చుట్టి కడితే అంచుకు ఒరిసి పట్టీ తెగుతుంది. అక్కడికి వెళ్లే రోజు దాన్ని ఇంట్లో పెట్టి చాప తీసుకెళ్లడమే ఉత్తమం.

ప్రశ్న అడిగినవారు: గుట్టల బాటసారి, హన్మకొండ

అందరికీ ధన్యవాదాలు. 3.3 మీటర్ల పొడవున్న, దోమతెర లేని పెద్దది తీసుకొని, తెర విడిగా కొనాలని నిశ్చయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. వానాకాలం బొగత వైపు వెళ్తే పైన ఏం కట్టుకోవాలి? డిసెంబరులో ఆసిఫాబాద్ వైపు వెళ్లే ఆలోచన ఉంది, కప్పుకోవడానికి మందపాటి దుప్పటి ఒకటి సరిపోతుందా?

జవాబు 5: చెట్టునీడ, కాజీపేట

దుప్పటి ఒక్కటే సరిపోదండి. మీ బరువుకు ఒంటి కిందికొచ్చిన దుప్పటి నలిగి అందులోని గాలి పోతుంది, హ్యామక్ కింద నుంచి చల్లగాలి తిరుగుతూనే ఉంటుంది, పైన రెండు రగ్గులు కప్పుకున్నా వీపు వణుకుతుంది. సిర్పూర్ (యు) వైపు ఆ నెలల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పోవడం మామూలే. లోపల ఫోమ్ చాప వేసుకోవడం చవకైన మార్గం. హ్యామక్‌కు బయటనుంచి కిందివైపు వేలాడదీసే పాలిస్టర్ దూది లేక ఈకల పరుపు ఇంకా మంచిది గాని, ఖరీదు ఎక్కువ, సంచిలో చోటూ ఎక్కువే. వేసవిలో ఇదే గాలి మీకు వరం కనుక అప్పుడు ఏమీ వేయకండి.

వానకు ప్రతి పక్కా 3 మీటర్లుండే చదరపు టార్పు (వాన ఆపే గుడ్డ), సిలికాన్ పూసిన నైలాన్‌ది అయితే అర కిలో లోపు దొరుకుతుంది. చెట్ల మధ్య హ్యామక్‌కు పైన లాగి కట్టిన తాడు మీద ఏటవాలుగా, రెండు మూలలు హ్యామక్ కొసల మీదికి వచ్చేలా కట్టండి. పైన కప్పు ఉన్నా వాననీరు చెట్టు మాను మీదుగా పట్టీ పట్టుకొని హ్యామక్‌లోకి పారుతుంది; టార్పు నీడలోకి వచ్చిన చోట పట్టీకి ఒక చిన్న నూలు దారం ముడివేసి కిందికి వదిలితే నీరు దాని వెంట కారిపోతుంది. ఉరుములు మొదలైతే ఒంటరి ఎత్తు చెట్టు కింద ఉండకండి, ఎంత బాగా కట్టుకున్నా దిగి పక్కా కప్పు కిందికి వెళ్లండి.

పట్టీలు కొనేటప్పుడు ఒక్కొక్కటి 3 మీటర్లకు తగ్గకుండా చూడండి. టేకుకు రెండు మీటర్లు చాలు గాని, ఊళ్ల పక్కన ఉండే పెద్ద చింతమాను చుట్టూ తిప్పితే అవి ముడికి కూడా మిగలవు.