చిట్టీ డబ్బు, దుబాయ్ డబ్బు: క్రిప్టోని నమ్మొచ్చా?

అబిడ్స్_షాపు

అందరికీ నమస్తే. జగదీశ్ మార్కెట్ దగ్గర నాకు చిన్న మొబైల్ యాక్సెసరీస్ షాపు ఉంది. వారం రోజులుగా మా ఇంట్లో రెండు విషయాల మీద గొడవ నడుస్తోంది.

దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు అమ్మ ఖర్చులకి నెలకి 40 వేలు పంపుతాడు. ఇకపై యూఎస్‌డీటీలో పంపుతానంటున్నాడు. డాలర్‌తో సమానంగా నడిచే కాయిన్, రేటు బాగా వస్తుంది, పీటూపీలో, అంటే యాప్‌లో కొనేవాడు ఎవరైనా దొరికితే నేరుగా వాడికే అమ్మేసి రూపాయలు తీసుకో అన్నా అంటాడు. ఇది మొదటిది. రెండోది, ఈ నెల నేను చిట్టీ ఎత్తాను. చేతికి 4 లక్షల 60 వేలు వచ్చింది. అందులో సగం బిట్‌కాయిన్‌లో పెట్టమని కూడా వాడే చెబుతున్నాడు. మా ఆవిడ ఒక్క రూపాయి పెట్టినా ఒప్పుకోనంటోంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కొండాపూర్_డెవలపర్

అన్నా, నేను అనుకూలంగానే చెబుతాను, కారణాలతో.

నేను ఫ్రీలాన్స్ చేస్తాను, క్లయింట్ యూరప్‌లో ఉంటాడు. బ్యాంకు ద్వారా డబ్బు రావాలంటే నాలుగైదు రోజులు, మధ్యలో ఏ బ్యాంకు ఎంత కోసిందో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు అదే డబ్బు డాలర్ కాయిన్లలో నిమిషాల్లో వస్తోంది, శనాదివారాలైనా సరే. 200 డాలర్లు దేశం దాటించడానికి సగటున 6 శాతానికి పైగా ఖర్చవుతోందని ప్రపంచ బ్యాంకే అంటోంది. కూలి పని చేసి ఇంటికి పంపేవాడికి అది చిన్న మొత్తం కాదు.

బిట్‌కాయిన్ విషయానికొస్తే, 2009 జనవరి నుంచి నడుస్తోంది. మొత్తం 2.1 కోట్ల కాయిన్లకి మించి ఎప్పటికీ పుట్టవు. నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టేవి సగానికి తగ్గుతాయి, చివరగా 2024 ఏప్రిల్‌లో తగ్గాయి. ఏ ప్రభుత్వమూ అదనంగా అచ్చు వేయలేదు. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు అయినప్పుడు మా నాన్న తన సొంత డబ్బు కోసం రోజుకి మూడు గంటలు ఏటీఎం లైన్లో నిలబడ్డారు. మన డబ్బు మీద మనకి ఎంత హక్కుందన్న ప్రశ్న నాకు అప్పుడే పుట్టింది. నేను 2020 నుంచి నెలకి 2,000 పెడుతున్నాను, ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు.

నల్లకుంట_రిటైర్డ్

బాబూ, మీ నాన్నగారి బాధ నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను బ్యాంకు కౌంటర్‌కి ఇవతల కూర్చున్నవాణ్ణి. రాత్రి పదకొండింటి వరకు నోట్లు లెక్కపెట్టాం. అయినా ఒక మాట చెప్పనివ్వండి.

చెల్లింపుల కోసం క్రిప్టో అంటే నాకు అస్సలు అర్థం కావడం లేదు. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తిని స్కాన్ చేస్తే కప్పు కింద పెట్టేలోపు స్పీకర్ అరుస్తుంది. పైసా ఛార్జీ లేదు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐలో 2,000 కోట్ల లావాదేవీలు జరిగాయి. సెకన్లలోకి మార్చి చూడండి, ఏడు వేలకు పైగా వస్తుంది. బిట్‌కాయిన్ లావాదేవీలు నమోదయ్యే అసలు గొలుసు, అదే బ్లాక్‌చెయిన్ మీద సెకనుకి ఏడు జరగడమే ఎక్కువ, ఒక్కో బ్లాక్‌కి, అంటే లావాదేవీల కట్టకి పది నిమిషాలు పడుతుంది.

ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబర్‌లో బిట్‌కాయిన్‌ని చట్టబద్ధమైన డబ్బుగా ప్రకటించింది. జనం పెద్దగా వాడలేదు. ఐఎంఎఫ్ అప్పు కోసం 2025 జనవరిలో చట్టం మార్చి, వ్యాపారులు తీసుకోవాలన్న నిర్బంధం ఎత్తేసింది. ఒక దేశం మొత్తం ప్రయత్నించి చూసిన సంగతి ఇది.

ఇక ధర. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దాకా వెళ్లింది, మరుసటి ఏడాది నవంబర్‌లో 16 వేల దిగువకి పడింది. చిట్టీ డబ్బు అలా కరిగిపోతుంటే షాపులో కూర్చుని వ్యాపారం చేయగలరా? రాత్రి నిద్ర పడుతుందా?

కొండాపూర్_డెవలపర్

సార్, పడింది నిజమే. 2024 డిసెంబర్‌లో లక్ష డాలర్లు దాటింది కూడా నిజమే. 16 వేల దగ్గర టెన్షన్‌తో అమ్ముకున్నవాళ్లు నష్టపోయారు, ఓపిక పట్టినవాళ్లు నష్టపోలేదు.

చాయ్‌కి బిట్‌కాయిన్ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఊరి లోపల యూపీఐని ఏదీ కొట్టలేదు. నేను మాట్లాడుతున్నది సరిహద్దు దాటే డబ్బు గురించి.

ఇంకో సంగతి. బ్యాంకులో ఉంటే భద్రం అని అందరూ అంటారు. మన ఊళ్లోనే 2001లో కృషి బ్యాంకు చేతులెత్తేసింది కదా? అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే.

నల్లకుంట_రిటైర్డ్

లక్షే. ఇప్పుడు 5 లక్షలు, 2020 ఫిబ్రవరి నుంచి. చాలదనే నేనూ అంటాను. కానీ బాబూ, ఆ లక్ష ఇవ్వడానికైనా ఒక సంస్థ ఉంది, తలుపు తట్టడానికి ఒక ఆఫీసు ఉంది. 2024 జూలై 18న క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు హ్యాకర్లు ఎత్తుకుపోయారు. మళ్లీ ట్రేడింగ్ మొదలవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదిలో కూతురి పెళ్లి పెట్టుకున్నవాడు ఎక్కడికి వెళ్లాలి?

ఎల్బీనగర్_89

అబిడ్స్ అన్నా, మీరు రాసిన పీటూపీ అన్న మాట చూసి ఆగలేకపోయాను. ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, మొదటిసారి రాస్తున్నాను.

పోయిన దసరా ముందు 38 వేల యూఎస్‌డీటీ పీటూపీలో అమ్మాను. రూపాయల విలువే చెబుతున్నాను. కొన్నవాడి ప్రొఫైల్ బాగుంది, వందల ఆర్డర్లు పూర్తి చేసినట్టు చూపించింది. డబ్బు రెండు నిమిషాల్లో పడింది, కాయిన్లు వదిలేశాను. ప్రొఫైల్‌లో ఒక పేరుంది, డబ్బు వచ్చింది ఇంకో పేరున్న అకౌంట్ నుంచి. నేను చూసుకోలేదు. అంతే, నేను చేసిన తప్పు అదొక్కటే.

మూడు వారాల తర్వాత పొద్దున్నే పాల ప్యాకెట్లు, కొత్తిమీర తీసుకుని స్కాన్ చేస్తే ఫెయిల్. మళ్లీ చేశాను, ఫెయిల్. నెట్ సరిగ్గా లేదేమో అనుకున్నాను. కిరాణా ఆయన రేపు ఇవ్వండి సార్ అన్నాడు. బ్యాంకుకి వెళితే, వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు చెప్పారట, అకౌంట్ మొత్తం ఫ్రీజ్ చేశామన్నారు. ఎవరో పెద్దాయనని మోసం చేసి కొట్టేసిన డబ్బు మూడు అకౌంట్లు మారి నా దగ్గరికి వచ్చిందట. అప్పుడే పడిన జీతంతో కలిపి లక్షా 12 వేలు అందులో ఇరుక్కుపోయాయి. బ్యాంకు వాళ్లు ఒక కంప్లయింట్ నంబర్, ఒక మెయిల్ ఐడీ రాసిచ్చిన చీటీ చేతిలో పెట్టారు. ఇక మీరే మాట్లాడుకోండి అన్నారు.

పదకొండు మెయిళ్లు పెట్టాను. ఆర్డర్ స్క్రీన్‌షాట్లు, చాట్, ఆధార్, పాన్ అన్నీ పంపాను. పాప స్కూల్ ఫీజు బావమరిది కట్టాడు. ఆయన ముందు తల ఎత్తలేకపోయాను. నాలుగు నెలలకి అకౌంట్ తెరుచుకుంది, ఆ 38 వేలు మాత్రం ఇంకా లీన్‌లోనే ఉన్నాయి, అంటే అకౌంట్‌లో కనిపిస్తాయి కానీ తీయనివ్వరు.

డెవలపర్ తమ్ముడు చెప్పినట్టు టెక్నాలజీ ఏ తప్పూ చేయలేదు. నా కాయిన్లు క్షణాల్లో సరిగ్గానే వెళ్లాయి. నా దగ్గరికి వచ్చిన రూపాయే దొంగ సొమ్ము. బ్లాక్‌చెయిన్ ఎంత గట్టిదైనా, అది మళ్లీ రూపాయిగా మారే గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారో మనకి తెలియదు.

మీది నెలనెలా జరిగే వ్యవహారం అన్నా. పన్నెండు నెలలు, పన్నెండు మంది ముక్కూమొహం తెలియనివాళ్లు. అందులో ఒక్కడు తేడా అయితే షాపు అకౌంట్ ఆగిపోతుంది. గల్లాపెట్టె మూతపడినట్టే.

మియాపూర్_గృహిణి

ఈయన చెప్పింది అక్షరాలా నిజం. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల మోసం గుర్తుందా? రివ్యూలు రాస్తే డబ్బులిస్తామని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో వల వేసి, వచ్చిన డబ్బుని క్రిప్టోగా కూడా మార్చి దేశం దాటించారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి అలాంటి టాస్క్‌లోనే రెండు లక్షలు పోగొట్టుకుంది. ఇంట్లో చెప్పడానికి భయపడి తొమ్మిది రోజులు ఆగింది. అప్పటికి డబ్బు ఎటు పోయిందో ఎవరికీ దొరకలేదు. ఇలాంటిది జరిగితే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలు చాలా ముఖ్యం.

హిమాయత్‌నగర్_ట్యాక్స్

నేను ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. అబిడ్స్ అన్నయ్యా, ఈ లెక్క చూడకుండా నిర్ణయం తీసుకోకండి.

చాలామంది ఇది చట్టవిరుద్ధం అనుకుంటారు, కాదు. బ్యాంకులు క్రిప్టో జోలికి పోకూడదని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇస్తే, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొనొచ్చు, అమ్మొచ్చు. కానీ ఇది మన దేశంలో చెల్లే డబ్బు కాదు, షాపులో ఎవరైనా ఇస్తానంటే మీరు తీసుకోవాలన్న నియమం లేదు. ఇ-రూపాయి వేరు, అది రిజర్వ్ బ్యాంకు ఇచ్చేదే. రెండింటినీ కలపొద్దు.

పన్ను 2022 బడ్జెట్‌లో వచ్చింది. లాభం మీద 30 శాతం, పైన సెస్. మీ ఆదాయం ఎంత తక్కువైనా అదే రేటు. అసలు దెబ్బ ఇక్కడుంది: ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదానిలో 80 వేల నష్టం వచ్చిందనుకోండి. మీకు మిగిలింది 20 వేలు. పన్ను మాత్రం లక్ష మీద కట్టాలి, 31,200. అంటే జేబులోంచి 11,200 ఎదురు పెట్టాలి. నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం కూడా కుదరదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి ఈ సంగతి రిటర్న్ వేసే రోజు తెలిసింది. లెక్క మూడుసార్లు వేయించుకున్నాడు. షేర్లలో ఇలా ఉండదు. దీన్ని నేను అన్యాయమనే అంటాను, మారాలనే కోరుకుంటాను, కానీ మారేదాకా కట్టక తప్పదు.

తమ్ముడి డబ్బు సంగతి. అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్ ఉంటుంది. 40 వేలకి 400. అది రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ ఆ నెల అమ్మ చేతికి 400 తక్కువే. డెవలపర్ గారు చెప్పిన 6 శాతం ప్రపంచ సగటు, గల్ఫ్ నుంచి మన దేశానికి పంపే ఖర్చు దానికంటే చాలా తక్కువ. మీ తమ్ముడిని ఒక్కసారి రసీదు పెట్టుకుని లెక్క చూడమనండి. బ్యాంకు దారిలో వస్తే అది తమ్ముడు ఇంటికి పంపిన డబ్బని కాగితం మీద ఉంటుంది. పీటూపీలో వస్తే ఎవరో తెలియనివాడు మీకు 40 వేలు వేసినట్టు ఉంటుంది.

కొండాపూర్_డెవలపర్

మేడమ్, సగటు విషయంలో మీరు చెప్పిందే సరి, నేను దారి చూడకుండా అంకె వాడాను. ఎల్బీనగర్ అన్న కథ చదివాక పీటూపీ మీద నా సలహా కూడా మార్చుకుంటున్నాను. అమ్మాల్సి వస్తే ఎఫ్ఐయూలో, అంటే అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ విభాగంలో రిజిస్టర్ అయిన ఎక్స్ఛేంజ్‌లో నేరుగా అమ్మాలి, అపరిచితుడి అకౌంట్ నుంచి డబ్బు తీసుకోకూడదు.

బిట్‌కాయిన్ మీద మాత్రం నా నమ్మకం అలాగే ఉంది. కాకపోతే చిట్టీ డబ్బులో సగం అనే మాట తప్పు. చిట్టీకి నెలనెలా వాయిదా ఇంకా కట్టాలి కదా? అంటే అది అప్పు లాంటి డబ్బే. అప్పుతో కొన్నవాడు పడినప్పుడు ఆగలేడు, అమ్మేస్తాడు. పూర్తిగా పోయినా షాపు ఆగనంత డబ్బే పెట్టండి.

నల్లకుంట_రిటైర్డ్

ఈ చివరి మాట దగ్గర మీతో నాకు పేచీ లేదు.

అబిడ్స్_షాపు

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి తమ్ముడితో గంట మాట్లాడాను. పోయిన నెల డబ్బు పంపిన మనీ ఎక్స్ఛేంజ్ రసీదు తీయమన్నాను. ఫీజు, రేటులో తేడా కలిపి చూస్తే, క్రిప్టోలో పంపినా 40 వేలకి వాడికి మిగిలేది 350 లోపే. టీడీఎస్ ఒక్కటే 400. కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే అన్నా పాత దారిలోనే పంపుతాలే అన్నాడు. ఎల్బీనగర్ అన్న రాసింది మొత్తం చదివి వినిపించాను.

చిట్టీ డబ్బు సెకండ్ కౌంటర్‌కి, స్టాకుకి వెళ్తోంది. మా ఆవిడతో మాట్లాడి 10 వేలు బిట్‌కాయిన్‌కి ఒప్పించాను. పోతే ఆ ఏడాది పండక్కి నాకు కొత్త బట్టలు లేవని షరతు పెట్టింది, ఒప్పుకున్నాను. ఎల్బీనగర్ అన్నా, మీ 38 వేల సంగతి ఏమైంది?

ఎల్బీనగర్_89

మొన్న జవాబు వచ్చింది అన్నా, పన్నెండో మెయిల్‌కి. కోర్టు ఆర్డర్ తెస్తే వదులుతామన్నారు. ఆ కోర్టు ఇక్కడి నుంచి రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణం. లాయర్‌ని అడిగితే ఫీజు, రానూపోనూ కలిపి పాతిక వేలు అవుతుందన్నాడు. వెళ్లాలా, వదిలేయాలా అని ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు. వెళ్లకుండా ఇక్కడి నుంచే ఇలాంటి ఆర్డర్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో ఇక్కడ రాయండి.