ఎన్‌హెచ్‌ఎల్ 34 జట్లకు పెరిగితే ఆ రెండూ ఏ ఊళ్ళకి దక్కాలి?

జీఏ400_వాసు:
ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 జట్లు. ఇంకో రెండు వస్తే ఒక్కో జట్టుకి 200 కోట్ల డాలర్ల దాకా ప్రవేశ రుసుము ఉంటుందని వార్తల్లో నలుగుతోంది. హ్యూస్టన్, అట్లాంటా, క్విబెక్ సిటీ, ఫీనిక్స్ పేర్లే ఎక్కువగా వినిపిస్తున్నాయి.

నా సందేహాలు ఇవి. రెండుసార్లు జట్టును పోగొట్టుకున్న అట్లాంటాకి మూడోసారి ఇవ్వడంలో అర్థముందా? అరీనా కట్టుకుని ఎదురుచూస్తున్న క్విబెక్‌ని లీగ్ ఎందుకు పట్టించుకోవడం లేదు? రెండు కొత్త జట్లు ఒకేసారి వస్తే ఆటగాళ్ళని ఎక్కణ్ణుంచి తెస్తారు? అట్లాంటా శివార్లు ఆల్ఫరెటా, కమ్మింగ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఇక్కడ అరీనా మాట రోజూ వినబడుతోంది. అభిమానంతో కాకుండా లెక్కలతో చెప్పండి.

బ్లూలైన్_రవి:
వాసు గారూ, ఊరి జనాభా కంటే ముందు అరీనా చూడాలి. ఆ అరీనా తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో చితికిపోయిన జట్లలో చాలావాటి కథ అక్కడే మొదలైంది.

హాకీ రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85. బాస్కెట్‌బాల్ కోర్టు 94 అడుగుల పొడవు, 50 వెడల్పు. బాస్కెట్‌బాల్ కోసం మాత్రమే కట్టిన హాల్లో రింక్ వేస్తే కింది వరసలు తీసేయాలి. పైగా చివర్లలో పై అంతస్తు సీట్ల నుంచి దగ్గరి గోల్ కనబడదు. ఫీనిక్స్‌లో కొయోటీస్ 1996లో దిగినప్పుడు జరిగింది ఇదే. బ్రూక్లిన్‌లో ఐలండర్స్‌కి 2015లో మళ్ళీ జరిగింది. అక్కడ స్కోర్‌బోర్డ్ రింక్ నడిమధ్యన కాకుండా ఒక పక్కకి వేలాడేది. సాల్ట్ లేక్ సిటీ డెల్టా సెంటర్‌లో 2024లో యూటా జట్టు మొదలైనప్పుడు మంచు మొత్తం కనబడే సీట్లు 11 వేల పైచిలుకే.

దీని ఖరీదు మీరే కట్టి చూడండి. 17 వేల సీట్ల అరీనాతో పోలిస్తే ఆటకి 6 వేల టికెట్లు తక్కువ. 82 ఆటల సీజన్‌లో సొంతగడ్డ మీద 41 ఆటలు. అంటే సీజన్‌కి 2,46,000 టికెట్లు. టికెట్ సగటున 80 డాలర్లు అనుకున్నా దాదాపు 2 కోట్ల డాలర్లు పోయినట్టే. పార్కింగ్, తిండి లెక్క ఇంకా వేయలేదు.

అందుకే నా మొదటి ఓటు హ్యూస్టన్‌కి. టొయోటా సెంటర్ 2003లో తెరిచారు. అందులో ఏరోస్ అనే ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్) జట్టు 2013 దాకా ఆడింది కాబట్టి హాకీకి పనికొస్తుందన్నది రుజువైన సంగతి. కానీ ఆ ఏరోస్ ఊరెందుకు విడిచిందో చూడండి. అరీనా లీజు కుదరక అయోవాకి పోయింది. బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్ యజమాని చేతిలో అరీనా ఉన్నంతవరకు హ్యూస్టన్‌లో హాకీ జట్టు ఆయనదైనా అయి ఉండాలి, ఆయన ఒప్పుకున్నదైనా అయి ఉండాలి. ఇప్పుడా యజమాని టిల్మన్ ఫెర్టిటా. ఇంకెవరో 200 కోట్లు పట్టుకుని వచ్చినా ఆయన గడప దాటి వెళ్ళలేరు.

హ్యూస్టన్ మహానగర జనాభా 70 లక్షలు దాటింది, డాలస్ నాలుగు గంటల దూరం. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక జట్టుకి తన ఊరి పొలిమేర నుంచి 50 మైళ్ళ దాకా హక్కు ఉంటుంది. డాలస్ స్టార్స్‌కి ఇక్కడ అడ్డుచెప్పే హక్కు రాదు. పైగా రాష్ట్రంలో పోటీకి ఇంకో జట్టు దొరుకుతుంది.

జీఏ400_వాసు:
థాంక్స్ రవి గారూ. మరి అట్లాంటా? యజమాని, అరీనా అనే ఈ లెక్కలో అది ఎక్కడ నిలబడుతుంది?

ఫోర్సైత్_కిరణ్:
ఈ ప్రశ్నకి నేను చెప్తా. అట్లాంటా "హాకీ ఊరు కాదు" అని తేల్చేసేవాళ్ళు ముందు త్రాషర్స్ చరిత్ర సరిగ్గా చదవాలి.

మొదటి జట్టు ఫ్లేమ్స్ 1972లో వచ్చి నష్టాలు తట్టుకోలేక 1980లో క్యాల్గరీకి అమ్ముడుపోయింది. రెండోది త్రాషర్స్, 1999 నుంచి 2011 దాకా. మధ్యలో లాకౌట్ (యజమానులు-ఆటగాళ్ళ ఒప్పందం కుదరక ఆటలు ఆపేయడం) వల్ల ఒక సీజన్ పోయింది, మిగిలిన 11 సీజన్లలో ప్లేఆఫ్‌కి చేరింది ఒక్కసారి, 2007లో. అప్పుడూ న్యూయార్క్ రేంజర్స్ చేతిలో సిరీస్‌లో 4-0తో తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత తమ స్టార్ ఆటగాళ్ళలో హోస్సాని 2008లో, కొవల్చుక్‌ని 2010లో వదులుకున్నారు. జట్టు యజమానులైన భాగస్వాములు ఒకరిమీద ఒకరు కోర్టులో ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. చివరికి వాళ్ళు బాస్కెట్‌బాల్ జట్టు హాక్స్‌ని, అరీనాని తమ దగ్గరే ఉంచుకుని హాకీ జట్టొక్కదాన్నే విన్నిపెగ్ వాళ్ళకి అమ్మేశారు. గెలవని జట్టు, కుమ్ములాడుకునే యజమానులు. వీటిని చూసి జనం టికెట్ కొనలేదంటే జనాన్ని తప్పుపట్టలేం.

రెండోది స్థలం. టికెట్ కొనే కుటుంబాలు ఉత్తరం వైపు శివార్లలో ఉంటే అరీనా డౌన్‌టౌన్‌లో ఉండేది. వారం మధ్యలో రాత్రి 7 గంటల ఆటకి జార్జియా 400 హైవే మీద దిగి వెళ్ళడం ఎలాంటిదో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ కూడా టికెట్లు కొనేవాళ్ళు ఎక్కడున్నారో చూసుకునే 2017లో కాబ్ కౌంటీకి మారింది. ఇక్కడ వచ్చిన రెండు ప్రతిపాదనలు, సౌత్ ఫోర్సైత్‌లో "ది గ్యాదరింగ్", ఆల్ఫరెటాలో నార్త్ పాయింట్ మాల్ స్థలం, రెండూ 400 పక్కనే ఉన్నాయి. రెండూ హాకీ జట్టుని ముందే లెక్కలో పెట్టుకుని వేసిన పథకాలు కాబట్టి రవి గారు చెప్పిన గోల్ కనబడని సీట్ల గొడవ రాదు.

ఒక భయం మాత్రం ఉంది. శివారు అరీనాకి మెట్రో రైలు ఉండదు, 17-18 వేల మంది కార్లలోనే రావాలి. ఫీనిక్స్ శివారు గ్లెండేల్‌లో కొయోటీస్ అనుభవం ఇదే. కొనేవాళ్ళు స్కాట్స్‌డేల్ వైపు, అరీనా ఊరికి ఆ కొసన. అట్లాంటాలో అరీనా కొనేవాళ్ళ పక్కనే వస్తుంది, నిజమే. కానీ 400 నుంచి దిగే ర్యాంపులు ముందు కట్టి, తర్వాతే తలుపులు తెరవాలి. కౌంటీ మీటింగులకి వెళ్ళేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. రెండోది, జట్టు ఖరారు కాకముందే కౌంటీ బాండ్లు అమ్ముతుందా అన్నది. జట్టు రాకపోతే ఆ అప్పు కౌంటీ నెత్తినే పడుతుంది.

స్లాప్‌షాట్_శిరీష:
ఇద్దరూ చెప్పింది బాగుంది. క్విబెక్ గురించి ఒక్కరూ న్యాయంగా మాట్లాడలేదు, అందుకని రాస్తున్నా.

క్విబెక్ అరీనా వీడియోట్రాన్ సెంటర్ 2015లో తెరిచారు, హాకీకి 18,259 సీట్లు. 2015లో లీగ్ దరఖాస్తులు పిలిచినప్పుడు ఒక్కొక్కరు కోటి డాలర్లు కట్టాలన్నారు, అందులో 20 లక్షలు తిరిగి రావు. ఆఖరిదాకా నిలబడినవి లాస్ వేగస్, క్విబెక్ రెండే. 2016లో వేగస్‌కి ఇచ్చి క్విబెక్‌ని వాయిదా వేశారు. అప్పుడు లీగ్ తూర్పు విభాగంలో 16, పడమటి విభాగంలో 14 జట్లు ఉండేవి కాబట్టి ఇంకో తూర్పు జట్టు ఇమడదన్నది ఒక కారణం, కెనడా డాలరు పడిపోవడం రెండోది.

మొదటి అడ్డంకి ఇప్పుడు లేదు, తూర్పు-పడమర 16-16. రెండోది అలాగే ఉంది. ఆటగాళ్ళ జీతాలన్నీ అమెరికా డాలర్లలో ఇస్తారు, టికెట్ డబ్బు కెనడా డాలర్లలో వస్తుంది. 2025-26లో ఒక్కో జట్టు జీతాల గరిష్ఠ పరిమితి 9.55 కోట్ల అమెరికా డాలర్లు. కెనడా డాలరు 72 సెంట్లు అనుకుంటే అది 13 కోట్ల కెనడా డాలర్ల పైమాటే. 2026-27కి పరిమితి 10.4 కోట్లు, ఆ పై ఏడాదికి 11.35 కోట్లు అని ముందే ప్రకటించారు. జనాభా చూస్తే క్విబెక్ మహానగరం 8 లక్షల పైచిలుకు, విన్నిపెగ్ అంత. విన్నిపెగ్‌లోనే సీజన్ టికెట్లు 13 వేల నుంచి 9,500కి పడిపోయి యజమాని బహిరంగంగా బెంగపడాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు కొనే బాక్సులు తక్కువైన ఊళ్ళో ఒక రెండేళ్ళు ఓడితే ఆ లోటు పూడ్చేవాళ్ళు ఉండరు.

అయినా నా మాట ఏమిటంటే, క్విబెక్‌కి కొత్త జట్టు కాదు, తరలి వచ్చే జట్టు దారి సరైంది. 1995లో తమ పాత జట్టు నార్డిక్స్ డెన్వర్ పోయి మరుసటి ఏడాదే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన బాధ ఆ ఊరికి ఇంకా ఉంది. ఎక్కడైనా జట్టు మునిగితే మర్నాడే ఆడించగల అరీనా సిద్ధంగా ఉన్న ఊరు ఇది.

బ్లూలైన్_రవి:
శిరీష గారి లెక్కతో ఏకీభవిస్తా. ఆటగాళ్ళ ప్రశ్న మిగిలింది.

కొత్త జట్లుగా వచ్చిన 2017లో వేగస్‌కి, 2021లో సియాటెల్‌కి పాత జట్ల నుంచి ఆటగాళ్ళని ఎంచుకోవడంలో ఒకటే నిబంధన. ప్రతి పాత జట్టు 7 ఫార్వర్డ్‌లు, 3 డిఫెన్స్, 1 గోలీ (గోల్‌కీపర్)ని పోకుండా కాపాడుకోవచ్చు, లేదా ఏ స్థానమైనా సరే 8 మంది, 1 గోలీ. వృత్తిలో మొదటి రెండేళ్ళలో ఉన్న కుర్రాళ్ళని లెక్కలోకి తీసుకోరు. కొత్త జట్టు ప్రతి పాత జట్టు నుంచి ఒక్కణ్ణి తీసుకోవాలి. మొత్తమ్మీద కనీసం 14 మంది ఫార్వర్డ్‌లు, 9 డిఫెన్స్, 3 గోలీలు ఉండాలి.

రెండు జట్లు ఒకేసారి వస్తే చిక్కు ఇక్కడే. 32 మందిని ఇద్దరికి పంచితే తలా 16. ఒక ఆటకి దుస్తులు వేసుకుని దిగాల్సింది 20 మంది. కాబట్టి ప్రతి పాత జట్టు ఇద్దర్ని వదులుకోవాలి, లేదా రెండు కొత్త జట్లని ఏడాది, రెండేళ్ళ తేడాతో దింపాలి. 2000లో కొలంబస్, మిన్నెసోటా కలిసి వచ్చినప్పుడు 26 జట్లు తలా ఇద్దర్ని ఇచ్చాయి. మిన్నెసోటా 2003లో సెమీస్ దాకా వెళ్ళింది. కొలంబస్ మొదటి ప్లేఆఫ్‌కి 2009 దాకా ఆగింది.

వేగస్ మొదటి ఏడాదే ఫైనల్‌కి వెళ్ళింది కదా అని హ్యూస్టన్ వాళ్ళూ అదే ఆశిస్తే కష్టం. అప్పుడు పాత జట్లు భయంతో ఎదురు బేరాలు ఆడాయి. ఫ్లోరిడా ఒక జీతం బరువు దించుకోవడానికి రైలీ స్మిత్‌ని ఇచ్చి, 30 గోల్స్ కొట్టిన మార్షెసోని కాపాడుకోకుండా వదిలేసింది. 2023లో వేగస్ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్‌లో ఉత్తమ ఆటగాడు ఆ మార్షెసోనే. సియాటెల్ నాటికి అందరూ పాఠం నేర్చారు, అలాంటి బేరాలు దొరకలేదు. మొదటి సీజన్ 60 పాయింట్లు. రెండో సీజన్‌లో 100 పాయింట్లు తెచ్చుకుని కొలరాడోని ప్లేఆఫ్‌లో ఓడించింది. ఇకమీద వచ్చే జట్లకి కొలమానం సియాటెలే.

జీఏ400_వాసు:
ఫీనిక్స్ మాట ఎవరూ ఎత్తలేదు.

స్లాప్‌షాట్_శిరీష:
ఫీనిక్స్‌కి జనం ఉన్నారు, అరీనా లేదు. 2023 మేలో ఫీనిక్స్ శివారు టెంపీ ఓటర్లు కొయోటీస్ అరీనా ప్రతిపాదనని తిరస్కరించారు. అప్పటికే జట్టు 5 వేల సీట్లు కూడా లేని యూనివర్సిటీ రింకులో ఆడుతోంది. ఏడాది తిరక్కుండానే 120 కోట్ల డాలర్లకి యూటాకి వెళ్ళిపోయింది. కొత్త యజమాని స్థలం కొని, అనుమతులు తెచ్చుకుని, కట్టడం మొదలుపెట్టాకే ఆ ఊరి దరఖాస్తు తీసుకోవాలి.

నా వరస: పడమటికి హ్యూస్టన్, తూర్పుకి అట్లాంటా. అప్పుడు 17-17 అవుతుంది. ఇప్పుడున్న నాలుగు డివిజన్లు ఎనిమిదేసి జట్లతో సరిగ్గా కుదిరాయి, 34 అయితే రెండింట్లో తొమ్మిదేసి వస్తాయి. 2026-27 నుంచి 84 ఆటలకి పెరిగే షెడ్యూల్‌లో ఆ తొమ్మిదో జట్టుని ఎన్నిసార్లు ఎదుర్కోవాలన్నది లీగ్ ముందే తేల్చాలి.