కబ్జా గ్యాంగుల మీద పీడీ యాక్ట్ పెడితే అయిపోతదా? సాక్షి సంగతేంది?

పాతబస్టాండ్ పోరడు:
మొన్న మా కౌన్సిల్ మీటింగ్‌ల కబ్జాల మీద పెద్ద లొల్లి. ఒక కౌన్సిలర్ లేచి రౌడీషీటర్లందరి మీద పీడీ యాక్ట్ (కేసు తేలకముందే ముందుజాగ్రత్తగ లోపలేసే చట్టం) పెట్టాలని తీర్మానం చేద్దాం అన్నడు, సగంమంది బల్లలు చరిచిన్రు. ఇంకో వార్డు మేడం మాత్రం లోపలేస్తరు సరే, కోర్టుకొచ్చి చెప్పేటోన్ని ఎవరు కాపాడ్తరు అని అడిగింది, చైర్మన్ ఏమో నెక్స్ట్ ఐటెం అన్నడు. మీరెటు?

రాజన్న62:
నేను పీడీ వైపే. గ్యాంగ్‌స్టర్ నయీం యాదికి లేడా? 2016 ఆగస్టుల షాద్‌నగర్ కాడ ఎన్‌కౌంటర్ అయ్యేదాక వాని మీద నోరు మెదిపినోళ్లు ఎంతమంది? సాక్ష్యాలని కూసుంటే ఇంకో పదేండ్లు.

నల్లకోటు:
రాజన్నా, వాడు చచ్చినంకనే కదనే జనం కంప్లెయింట్లు పట్టుకొని ఉరికింది, బతికున్నప్పుడు భయం. పీడీల లోపలేసినా ఏడాది మించదు, హైకోర్టు కొట్టేస్తే ఇంకా ముందే వస్తడు, తెలంగాణల దీన్ని ఎడాపెడా వాడుతున్నరని 2023ల సుప్రీంకోర్టే గట్టిగ అన్నది. వాడొచ్చేసరికి సాక్షి అదే గల్లీల ఉంటడు.
సాక్షులను కాపాడే స్కీం లేదా అంటే ఉంది. 2018 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు దేశమంతా అమలు చేయమన్నది. జిల్లా జడ్జి కమిటీకి అప్లికేషన్ పెడితే, బెదిరింపు ఎంతుందో డీఎస్పీ 5 పని దినాల్ల రిపోర్ట్ ఇయ్యాలె. ఇంటికి సీసీ కెమెరా, ఎస్కార్ట్, అవసరమైతే వేరే ఊర్ల ఉంచుడు, అన్నీ ఒక్కసారికి 3 నెలలే. మెలిక ఏందంటే, ఆడోళ్ల మీద కొన్ని నేరాలు తప్పిస్తే 7 ఏండ్లు, ఆపైన శిక్ష పడే కేసులకే అది. ప్లాటు గోడ కూలగొడితే స్టేషన్‌ల ట్రెస్‌పాస్ (వేరేటోళ్ల జాగల చొరబడ్డ చిన్న కేసు) రాసి పంపిస్తే ఆ సాక్షికి ఏం రాదు. బీఎన్‌ఎస్ (ఐపీసీ జాగల వచ్చిన కొత్త చట్టం) 111, అంటే ముఠా నేరాల సెక్షన్, పెడితే అడగొచ్చు, అండ్ల భూకబ్జా అని రాసే ఉంది, కానీ దానికి పదేండ్లల్ల ఒకటికంటే ఎక్కువ చార్జిషీట్లు ఉండాలె. జనం కంప్లెయింటే ఇయ్యకపోతే చార్జిషీట్ ఏడికెళ్లి వస్తది?

వార్డు9 అక్క:
అయ్యా, మా దగ్గర సెటిల్‌మెంట్‌కు కుర్చీలేసేదే కౌన్సిలర్. సాక్షి ఎవరో ఆయనకు తెలిస్తే పొద్దుగూకేసరికి ఎవరికి చేరుద్దో అందరికీ ఎరుకే. అప్లికేషన్ మాత్రం ఆయన చేతికి ఇయ్యకున్రి.

నల్లకోటు:
నిజమే అక్కా. కౌన్సిలర్లు చేయాల్సింది వేరే ఉంది. కబ్జా జాగాకు ఇంటి నంబర్ ఇచ్చి, పన్ను రసీదు చేతుల పెట్టేది మున్సిపాలిటీయే కద? ఏ నంబర్ ఏ కాయితం చూసి ఇచ్చిన్రో బయట పెట్టాలని తీర్మానం చెయ్యమనున్రి. రికార్డే గట్టిగ మాట్లాడితే గల్లీ మనిషి ఒక్కడే బోనెక్కే బాధ కొంత తప్పుద్ది.

రాజన్న62:
ఇంటి నంబర్ల ముచ్చట ఒప్పుకుంట. పీడీ వద్దంటే మాత్రం ఒప్పుకోను తమ్మీ.