కాలిఫోర్నియా ఏడీయూ: డిటాచ్డ్‌గా పెట్టిన ప్లాన్‌ని మధ్యలో అటాచ్డ్‌గా మార్చొచ్చా?

పెరట్లో అమ్మానాన్నల కోసం సింగిల్ బెడ్‌రూమ్ ఏడీయూ (ఉన్న ఇంటి స్థలంలోనే కట్టే చిన్న రెండో ఇల్లు) డిటాచ్డ్‌గా, అంటే ఇంటికి ఆనకుండా విడిగా కట్టాలని సిటీకి ప్లాన్లు ఇచ్చాం. 34 x 22, అంటే 748 చదరపు అడుగులు. 750 దాటితే ఇంపాక్ట్ ఫీజు (రోడ్లు, పార్కుల్లాంటి వాటి కోసం వేసేది) పడుతుందని కావాలనే అక్కడ ఆపాం. స్టేట్ రూల్ ప్రకారం పక్కలా, వెనకా 4 అడుగులు వదిలాం.

మూడో వారంలో ప్లాన్లు పరిశీలించి సిటీ ఇచ్చే ప్లాన్ చెక్ కామెంట్లు వచ్చాయి. వెనక కంచె వెంబడి 10 అడుగుల యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, నీళ్ల లాంటి లైన్ల కోసం కంపెనీకి హక్కున్న స్థలం) ఉందట, దాని మీద కట్టడానికి లేదట. టైటిల్ రిపోర్ట్ (స్థలం హక్కుల వివరాలుండే పత్రం) తీసి చూస్తే నిజమే, చిన్న అక్షరాల్లో ఉంది. ముందే చూసుకోవాల్సింది, తప్పు నాదే.

ఇంటి వెనక గోడ నుంచి కంచెకు 36 అడుగులే. ఏడీయూని ముందుకు జరిపితే ఇంటికీ దానికీ మధ్య 4 అడుగులు మిగులుతుంది. అప్పుడు గంటసేపు మంటను ఆపగలిగే ఫైర్ రేటింగ్ గోడ కావాలి, ఆ వైపు కిటికీలు కుదరవు అన్నారు. ఈజ్‌మెంట్‌లోకి కొంచెం రానివ్వమని యుటిలిటీ కంపెనీని అడిగితే ఒప్పుకోలేదు. గరాజ్‌నే ఏడీయూగా మార్చుదామంటే 400 చదరపు అడుగులే, వీల్‌చైర్ తిరగదు.

ఇక మిగిలింది అటాచ్డ్‌గా, అంటే ఇంటికి ఆనించి కట్టడమే. వంటింటి కిటికీ పోతుంది, పోనీ. సిటీ పర్మిట్ కౌంటర్‌లో అడిగితే ఒకరు ఉన్న అప్లికేషన్‌లోనే రివిజన్ చాలన్నారు, ఇంకొకరు కొత్త అప్లికేషన్ అన్నారు. కొత్తదైతే ఫీజు మళ్లీ, సిటీ నిర్ణయం చెప్పాల్సిన 60 రోజుల గడువూ మొదటి నుంచే.

కాలిఫోర్నియాలో ఎవరైనా ఇలా మధ్యలో డిటాచ్డ్ నుంచి అటాచ్డ్‌కు మార్చి ఉంటే, మీ సిటీ దాన్ని రివిజన్‌గా తీసుకుందా, కొత్త అప్లికేషన్ పెట్టించిందా?