టెస్టోస్టెరాన్ నార్మలే, మరి జుట్టెందుకు ఊడుతోంది?

అన్నలూ, నాకు 27. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటా. రెండేళ్లుగా నుదురు రెండు పక్కలా పైకి పోతోంది. పొద్దున దిండు దులిపితే పదిహేను, ఇరవై వెంట్రుకలు. రూమ్మేటేమో "బోరు నీళ్లురా, ఊరెళ్తే అదే ఆగుద్ది" అన్నాడు. సంక్రాంతికి మూడు వారాలు ఊళ్లోనే ఉన్నా, ఆగలా.

జిమ్‌లో ఒకాయన "మగ హార్మోన్ ఎక్కువైతే బట్టతలే" అంటే భయపడి ఆ హార్మోన్, అదే టెస్టోస్టెరాన్, టెస్ట్ చేయించా. డెసిలీటరుకి 520 నానోగ్రాములు, నార్మలే. చదివితే తెలిసింది, రక్తంలో ఎంతుందన్నది కాదట అసలు సంగతి. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన మగ హార్మోన్‌గా మారుస్తుంది, దానికి కుదుళ్లు ఎంత లొంగుతాయన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. మా మేనమామకి ముప్పైకే నున్నగా అయిపోయింది. నాన్నకి మాత్రం అరవైలోనూ దువ్వెన విరుగుద్ది!

డాక్టరమ్మ ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే ఫినాస్టరైడ్ మాత్ర 1 ఎంజీ రోజూ వేసుకోమంది, మినాక్సిడిల్ 5 శాతం రాసుకోమంది. కొని పది రోజులైంది, స్ట్రిప్ చింపలేదు. కొద్దిమందికి కోరిక తగ్గుతుందని చదివా, పైగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

వాడినవాళ్లు చెప్పండి, ఎన్నో నెలలో తేడా కనిపించింది? మినాక్సిడిల్‌తో మొదట్లో ఇంకా ఎక్కువ రాలిందా? సైడ్ ఎఫెక్ట్ వచ్చి ఆపేసినవాళ్లుంటే, ఆ తర్వాత జుట్టు ఏమైంది?