ఎక్స్‌ఆర్‌డీ బాగానే ఉంది, కెపాసిటీ మాత్రం రావట్లేదు (ఎల్‌ఎఫ్‌పీ కాథోడ్)

మద్దిలపాలెం_స్కాలర్:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. బ్యాటరీ కాథోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) కోసం కార్బన్ కోటింగ్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) పౌడర్ తయారుచేశాను, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) పీక్‌లన్నీ కుదిరాయి, వేరే ఫేజ్ (కలిసిపోయిన మరో పదార్థం) ఏదీ లేదు. కానీ కాయిన్ సెల్‌లో సీ/10 (పది గంటల్లో పూర్తిగా ఖాళీ చేసే వేగం) దగ్గర గ్రాముకు 110 మిల్లీ ఆంపియర్ అవర్లే వస్తోంది, 1సీకి (గంటలో ఖాళీ చేసే వేగం) వెళ్తే 60కి పడిపోతోంది. లెక్క ప్రకారం 170 కదా. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), బెట్ (ఉపరితల వైశాల్యం కొలిచే పరీక్ష), ఇంపెడెన్స్ (సెల్ లోపలి రెసిస్టెన్స్ కొలత) అన్నీ బయట డబ్బు కట్టి చేయించాలి. ముందు ఏది చేయించమంటారు? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

గాజువాక_సెల్:
తమ్ముడూ, ముందు తూకం చూసుకో. ఆ 110 దేనితో భాగిస్తే వచ్చింది? స్లర్రీలో (ఫాయిల్ మీద పూసే ముద్ద) పౌడర్, కార్బన్, బైండర్ 80:10:10 అయితే 2 మిల్లీగ్రాముల పూతలో నీ పౌడర్ 1.6 మాత్రమే. మొత్తం పూతతో భాగించి ఉంటే అసలు విలువ 137 పైనే. అదే ఫాయిల్‌లో పూత లేని బిళ్లలు నాలుగైదు కోసి తూచి సగటు తీసుకో, ఇంత పలచటి పూతకి ఫాయిల్ బరువులో చిన్న తేడా కూడా పెద్ద తప్పే.

బీచ్‌రోడ్_కెమిస్ట్:
పై మాట నిజం. ఇంకోటి, సీ/10 దగ్గర తగ్గడం, 1సీలో పడిపోవడం రెండిటికీ కారణం ఒకటే కానక్కర్లేదు. అదే సెల్‌ని సీ/50లో నడపండి, నాలుగు రోజులు పడుతుంది కానీ పైసా ఖర్చు లేదు. కెపాసిటీ బాగా పెరిగితే పదార్థం మంచిదే, కరెంటు అందడంలోనో లిథియం కదలడంలోనో ఆలస్యం ఉంది, అప్పుడు సెమ్‌కి పంపి కణాల సైజు చూడండి. పెరగకపోతే కొంత పౌడర్ అసలు పనిలోకే రావట్లేదు. ఈ స్ఫటికంలో లిథియం ఒకే దిశలో ఉన్న సన్నటి దారుల్లో కదులుతుంది, లిథియం ఉండాల్సిన చోట ఐరన్ కూర్చుంటే దారి మూసుకుపోతుంది. పీక్‌లు కుదిరాయన్నంత మాత్రాన అది తెలియదు, ఉన్న ఎక్స్‌ఆర్‌డీ డేటాకే రీట్‌వెల్డ్ (ఏ అణువు ఎక్కడుందో లెక్కగట్టే పద్ధతి) చేసి చూడండి.

మన ఊరి తేమ సంగతి కూడా మర్చిపోకండి. ఎలక్ట్రోడ్‌ని 120 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, బయట గాలి తగలనివ్వకుండా గ్లోవ్ బాక్స్‌లోకి (తేమ లేని మూసిన పెట్టె) తీసుకెళ్లాలి. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణం ఎల్‌ఐపీఎఫ్6కి నీరు తగిలితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుట్టి, కాథోడ్‌లోని ఐరన్‌ని కరిగిస్తుంది. ఇంపెడెన్స్ చివర్లో పెట్టుకోండి, రెండు ఎలక్ట్రోడ్ల సెల్‌లో లిథియం ఫాయిల్ రెసిస్టెన్స్ కూడా అందులో కలిసిపోతుంది.

మద్దిలపాలెం_స్కాలర్:
చాలా థాంక్స్ అండీ. తూకం రేపే చూస్తాను. కోటింగ్ కార్బన్ ఎంతుందో టీజీఏతో (వేడిచేస్తూ బరువు మార్పు చూసే పరీక్ష) తేల్చవచ్చా?

గాజువాక_సెల్:
తేల్చవచ్చు, జాగ్రత్తగా. గాలిలో వేడిచేస్తే కార్బన్ కాలి బరువు తగ్గుతుంది, ఐరన్ ఆక్సిజన్ పట్టుకుని దాదాపు 5 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల కలపకుండా లెక్కేస్తే కార్బన్ తక్కువగా కనబడుతుంది.