వేయర్‌హౌజర్ కలప కంపెనీ: భూములు, ఐ-జాయిస్టులు

ప్రశ్న: అమెరికాలో దీనికున్న అడవులన్నీ సొంతమేనా? వీళ్ల ఐ-జాయిస్టులు (I ఆకారంలో ఉండే చెక్క దూలాలు) తిరుపతిలో మిద్దెమీద గదికి పనికొస్తాయా అన్నా?

జవాబు 1: అమెరికాలో కోటి ఎకరాల పైచిలుకు, దాదాపు అంతా సొంతమే సామీ. కెనడాలో మాత్రం ప్రభుత్వ అడవులకు లైసెన్సులే. 1900లో ఫ్రెడరిక్ వేయర్‌హౌజర్, భాగస్వాములు రైల్వే కంపెనీ దగ్గర 9 లక్షల ఎకరాలు కొని మొదలెట్టారు. 2016లో ప్లమ్ క్రీక్ అనే ఇంకో కలప కంపెనీ ఇందులో కలిసింది. 2019లో డెవిన్ స్టాక్‌ఫిష్ సీఈఓ అయ్యాడు.

జవాబు 2: జాయిస్టుకు పైనా కిందా చెక్క పట్టీలు, నడుమ ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన) పలక. పైపు కోసం పలకలో కంపెనీ చార్టు ప్రకారం బెజ్జం వేయొచ్చు. పట్టీకి గాటు పెట్టారా, పనైపోయినట్టే. వంపును ఆపే బలమంతా అక్కడే. నవంబరు వానలకు తడిస్తే ఓఎస్‌బీ అంచులు ఉబ్బుతాయి, చెదలు సరేసరి. మనకు ఇనుప గర్డర్లే నయం.

జవాబు 3: ఇక్కడ శేషాచలం అడవి ప్రభుత్వానిది. పట్టా భూమిలో ఎర్రచందనం పెంచినా, కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాల్సిందే.